మిర్చి టెండరు హాలులో రెండో ఫైర్‌వాల్

2004 సెప్టెంబరులో నన్ను గుంటూరు శివార్లలోని ఒక మిర్చి టెండరు కేంద్రానికి సిస్టమ్స్ మేనేజరుగా వేశారు. అంతకుముందు తొమ్మిదేళ్లు అదే సంస్థ ఒంగోలు కార్యాలయంలో పనిచేశాను. శీతల గిడ్డంగులు నడపడం, వాటిలోకి వచ్చే మిర్చిని టెండరు మీద అమ్మించడం మా సంస్థ పని. మేనేజరు అన్న పేరే గానీ నా కింద ఉన్నది ఇద్దరు ఆపరేటర్లు. నా పైన కేంద్రం సెక్రటరీ కోటేశ్వరరావు గారు, ఆయన పైన హైదరాబాదులో డైరెక్టర్లు. కంప్యూటరు గది తాళం నా దగ్గర ఉండేది. ఆ గదిలోని కరెంటుకూ సామానుకూ బాధ్యత మాత్రం స్టోరు సూపర్‌వైజరు వెంకటేశ్వర్లుది. ఈ రెండో సంగతిని మొదట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు.

నేను వెళ్లేనాటికి అక్కడ తెర మీద టెండరు మొదలై ఒక్క సీజనే అయింది. దానికి ముందు ఉన్న పద్ధతిలో కొనుగోలుదారు బస్తాల వరుసల మధ్య నడుస్తూ, టిక్కీ మూతి విప్పి, గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని, తొడిమ విరిచి రంగు చూసి, చీటీ మీద ధర రాసి పెట్టెలో వేసేవాడు. మిర్చి బస్తాను మా వైపు టిక్కీ అంటారు. పెట్టె మధ్యాహ్నం దాటాక తెరిచేవారు. ఏ చీటీలో ఎంత పడిందో, పడకముందు ఎవరు ఎవరితో మాట్లాడుకున్నారో రైతుకు తెలిసే దారి లేదు. తెర వచ్చాక కొనేవాళ్లు కాయ చూసి వచ్చి హాలులో కంప్యూటర్ల ముందు కూర్చునేవారు. ఒంగోలు, చెన్నై ఎగుమతిదారులు తమ మనుషుల చేత కాయ చూపించుకుని, ధర మాత్రం తమ ఊళ్ల నుంచే వేసేవారు. ఒక రైతు అమ్మకానికి పెట్టిన సరుకు ఒక లాటు. ఒక్కో లాటుకు నాలుగు నిమిషాలు. గోడ మీది పెద్ద తెరలో అంకె పైకి ఎక్కుతుంటే రైతు కింద బల్ల మీద కూర్చుని కళ్లారా చూసేవాడు. నాలుగో నిమిషం చివర హారన్ మోగితే ఆ లాటు ముగిసినట్టు.

ఈ ధరలన్నీ సర్వరుకు చేరడానికి ఒకే ద్వారం ఉంది. దాన్నే ఫైర్‌వాల్ అంటారు. చూడటానికి నల్లటి రేకు పెట్టె, అంతే. లోపలికి రాదగినవాడెవడో, రాకూడనివాడెవడో చూసేది అదే. లోపలికి వచ్చినవాడు ఎవరితో మాట్లాడుతున్నాడో, ఆ మాట ఎంతవరకు వచ్చిందో తన జ్ఞాపకంలో ఒక పట్టీలాగా ఉంచుకుంటుంది. హాలులోని కంప్యూటరైనా, చెన్నైలోని కంప్యూటరైనా దాని ముందు నుంచే వెళ్లాలి. అది ఆగితే అన్నీ ఆగుతాయి. అందుకే ఇలాంటి చోట్ల రెండు పెట్టెలు పెడతారు. ఒకటి పనిలో ఉంటుంది, దాన్ని యాక్టివ్ అంటారు. రెండోది సిద్ధంగా ఉంటుంది, అది స్టాండ్‌బై. మొదటిది పడిపోతే మనిషి చెయ్యి పడకుండా రెండోది దాని చిరునామాను తన మీద వేసుకుని పని అందుకుంటుంది. దీని పేరు ఫెయిల్‌ఓవర్. డిసెంబరులో మాకు ఒకే మోడల్ పెట్టెలు రెండు వచ్చాయి. అమ్మిన కంపెనీ ఇంజనీరు రెండు రోజులుండి అమర్చి, సంతకం పెట్టించుకుని వెళ్లాడు.

కొనేవాళ్లతో సంస్థ చేసుకున్న ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. లాటు నడుస్తుండగా కనెక్షన్లు తెగిపోతే ఆ లాటు రద్దు. ఒకే రోజు మూడు లాట్లు అలా రద్దయితే ఆ రోజు టెండరు మొత్తం రద్దు.

జనవరి చివర, సరుకు బాగా దిగుతున్న రోజుల్లో, ఒక మంగళవారం పదకొండు గంటలకు హాలులోని తెరలన్నీ ఒక్కసారి నిలిచిపోయాయి. పరుగెత్తుకుంటూ కంప్యూటరు గదికి వెళ్లాను. యాక్టివ్ పెట్టె పవర్ సప్లై కాలి, మసి వాసన వేస్తోంది. దాని కింద అరలో రెండో పెట్టె ఉంది. అది వచ్చినప్పటి ప్లాస్టిక్ కవరులోనే ఉంది. కవరు మీద ఎండిన నిమ్మకాయ. కరెంటు వైరు చక్కగా చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టి ఉంది.

వెంకటేశ్వర్లును పిలిపించాను. అతను ఏ మాత్రం తడబడలేదు. "కొత్తదండీ. రెంటినీ ఒకేసారి అరగదియ్యటం ఎందుకని నేనే ఆపి కవరేశా. అది పోయిననాడు ఇది పెట్టుకోవచ్చు గదా అని. మా పొలం బోరుకి కూడా ఇట్టాగే ఒక మోటారు గోనెపట్టాలో చుట్టి ఉంచామండీ, పదేళ్లయింది, ఇప్పటికీ కొత్తగానే ఉంది."

అతన్ని తప్పుపట్టలేకపోయాను. స్టాండ్‌బై అని అతనికి కాగితం మీద రాసిచ్చింది నేనే. ఈ నేల మీద జాగ్రత్తపరుడైన ఏ మనిషికైనా ఆ మాట దాచి ఉంచిన స్పేరు అనే అర్థమవుతుంది. ఇంజనీరు వెళ్లిన మర్నాడు ఒకసారి చూసి, ఆ తరువాత ఐదు వారాలు ఆ అర వైపు కన్నెత్తి చూడనివాణ్ని కూడా నేనే. మిర్చి దుమ్ము ఘాటుకు ఆ గదిలో పది నిమిషాలు నిలబడటం కష్టం. ఆ సాకు నాకు చాలింది.

రెండో పెట్టెను విప్పి, వైరు తగిలించి, ఐదు వారాల మార్పులు చేత్తో ఎక్కించేసరికి మూడు లాట్లు రద్దయ్యాయి. ఆనాటి టెండరు పోయింది. మర్నాడు కేంద్రానికి సెలవు. రైతులు సరుకుతో రెండు రోజులు ఆవరణలోనే ఉండిపోవలసి వచ్చింది. మంచు పడితే కాయ రంగు తగ్గుతుంది. పట్టాలు కప్పుకుంటూ, విప్పుకుంటూ బస్తాల దగ్గరే ఉన్నారు.

అద్దంకి వైపు నుంచి నాగేంద్రమ్మ అనే ఆమె నలభై టిక్కీలతో వచ్చింది. భర్త లేడు, సేద్యం తనే చేయించుకునేది. నేను పట్టాల మధ్య నుంచి వెళుతుంటే పిలిచింది.

"ఏమయ్యా కంప్యూటరాయనా, రెండు పెట్టెలు ఉన్నయ్యంటగా మీకు? ఒకటి చస్తే రెండోది ఏం చేస్తందయ్యా? ముసుగుతన్ని పడుకుందా?"

చుట్టుపక్కల రైతులు నవ్వారు. ఆమె నిజమే అడిగిందని ఆమెకు తెలియదు.

హాలులో కొనేవాళ్ల తరఫున ఎప్పుడూ మాట్లాడేది రామలింగయ్య గారు. మనిషి చెడ్డవాడు కాదు. ముప్పయ్యేళ్లు చీటీ పెట్టెతో వ్యాపారం చేసినవాడు, తెరను నమ్మలేదు. మరో ఊరివాడు మొహం కనపడకుండా తన ధర మీద ధర వేయడం ఆయనకు గిట్టలేదు. ఆ రోజు నన్ను చూసి అందరికీ వినబడేలా అన్నారు: "ఏం మేనేజరు గారూ, మా చీటీ పెట్టె ఏనాడన్నా కాలిపోయిందా? దానికి కరెంటు కూడా అక్కర్లేదు."

వారంలోపు డైరెక్టర్ల నుంచి ఉత్తరం వచ్చింది. కోటేశ్వరరావు గారు నన్ను పిలిచి చదవమని చేతికిచ్చారు. ఈ సీజనులో మరొక్క రోజు టెండరు రద్దయితే తెర తీసివేసి పాత పద్ధతికి వెళ్లాలని అందులో ఉంది. నా ఉద్యోగానికి వచ్చిన ముప్పేమీ లేదు, మళ్లీ ఒంగోలు పంపేవారు. పోయేది తెర. నాగేంద్రమ్మలాంటి వాళ్లు తమ సరుకు ధర ఎక్కడం కళ్లతో చూడగలిగే చోటు ఆ జిల్లాలో నాకు తెలిసి అదొక్కటే. అది నా పర్యవేక్షణలో మూతపడకూడదని ఆ రోజే అనుకున్నాను.

కాలిన పెట్టె బాగై రాగానే ఆదివారం నాడు పరీక్ష పెట్టాను. ఈసారి రెంటికీ కరెంటు ఉంది. యాక్టివ్‌లో చేసిన మార్పు తనంతట తాను స్టాండ్‌బైకి వెళుతోంది. హాలులో ఆరు కంప్యూటర్లు తెరిపించి, నమూనా లాటు నడిపిస్తూ, యాక్టివ్ పెట్టె వైరు పీకాను. రెండోది లేచింది. కానీ ఆరు కంప్యూటర్లూ బయట పడి, మళ్లీ పేరూ సంకేతపదమూ అడిగే తెర దగ్గర నిలబడ్డాయి. అందరూ మళ్లీ లోపలికి వచ్చేసరికి రెండు నిమిషాలు దాటింది. లాటు రద్దయినట్టే.

అమ్మిన కంపెనీ ఇంజనీరుకు ఫోను చేశాను. "సార్, బాక్సు మారిందా లేదా? మారింది. ఫెయిల్‌ఓవర్ అంటే అంతే సార్," అన్నాడు. పాత పెట్టె జ్ఞాపకంలోని పట్టీ కొత్త పెట్టెకు క్షణక్షణం అందాలంటే రెంటికీ అదనపు పోర్టు కార్డులు, వాటి మధ్య విడిగా ఒక కేబులు కావాలన్నాడు. దాన్ని స్టేట్ లింకు అంటారు. తప్పనిసరి కాదు కాబట్టి మా ఆర్డరులో పెట్టలేదన్నాడు. నేను కూడా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పెట్టె ఒకసారి పోతే రద్దయ్యేది ఒక్క లాటే, మూడు కాదు, రోజు పోదు. "వ్యవస్థ సిద్ధంగా ఉన్నది" అని సెక్రటరీ గారికి నోటు రాసి సోమవారం సాయంత్రం పంపాను.

మంగళవారం తెల్లవారి నమాజులో జరిగినది ఇక్కడ చెప్పక తప్పదు. అది లేకపోతే ఈ కథ వేరేగా ముగిసేది.

మా నాన్న నన్ను ఏడేళ్ల వయసులో చీరాలలో ఒక గురువు దగ్గర వేశారు. బడి వేరు, ఆ చదువు వేరు. దివ్యగ్రంథంలో కొన్ని భాగాలు కంఠస్థం చేశాను, జమాతు నియమాలు నేర్చుకున్నాను. జమాతు అంటే అందరూ వరుసలు తీరి ఒకే ఇమాము వెనుక చేసే ప్రార్థన. నా చదువు తెలిసి గుంటూరులో మా వీధి మసీదు ఇమాము సాహెబు నన్ను ఎప్పుడూ మొదటి వరుసలో, సరిగ్గా తన వెనుక నిలబడమనేవారు. ఆ చోటు గౌరవం కోసం ఏర్పడినది కాదు, దానికి ఒక పని ఉంది. నమాజు మధ్యలో ఇమాముకు శుద్ధి భంగమైతే, ఆయన నోరు విప్పకుండా పక్కకు తప్పుకుని, వెనుకనున్న వ్యక్తి అంగీ పట్టుకుని తన స్థానంలోకి లాగాలి. ఎన్ని రకాతులు, అంటే నమాజులోని ఎన్ని భాగాలు, మిగిలాయో వేళ్లతో చూపించాలి. వచ్చినవాడు ఇమాము ఆపిన చోటి నుంచే అందుకోవాలి. వెనుకనున్న వరుసలు కదలవు, ఎవరూ మొదటి నుంచి మొదలుపెట్టరు. చిన్నప్పుడు ఈ నియమం చదువుకున్నాను గానీ జరగగా ఎన్నడూ చూడలేదు.

ఆ రోజు రెండో రకాతులో ఇమాము సాహెబు పెద్ద సూరా, అంటే దివ్యగ్రంథంలోని అధ్యాయం, ఒకటి చదువుతున్నారు. మధ్యలో ఆయన గొంతు ఆగింది. ముక్కు నుంచి రక్తం. ఒక చేత్తో ముక్కు పట్టుకుని, వంగి, వెనక్కి వచ్చి, రెండో చేత్తో నా అంగీ పట్టి ముందుకు లాగారు. ఒక వేలు చూపించారు. నేను వెళ్లి ఆయన చోట నిలబడ్డాను. నమాజుకు ముందు కడుక్కుని చేసుకునే శుద్ధి, వజూ, ఉంది, దిక్కు సరిగ్గానే ఉంది, ఆ సూరా నాకు నోటికి వచ్చు. కానీ ఆయన ఎక్కడ ఆపారో నాకు తెలియలేదు. అప్పటివరకు నా మనసు ఆదివారం నాటి పరీక్షలో, రెండు నిమిషాల్లో, నేను రాసిన నోటులో తిరుగుతోంది. చెవిలో పడిన ఆయతు, అంటే సూరాలోని వాక్యం, ఒక్కటీ లోపలికి వెళ్లలేదు.

నా వెనుక నుంచి ఒక ముసలి గొంతు మెల్లగా తరువాతి మాట అందించింది. పరుపులు కుట్టే సైదులు తాత. ఇమాము తడబడితే వెనుకనుంచి అందించవచ్చు. ఆ మాట పట్టుకుని ముందుకు సాగాను, నమాజు పూర్తయింది. బయట చెప్పులు వేసుకుంటుంటే తాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏరా మస్తానూ, మనిషివి ఇమాము వెనకమాలే నిలబడ్డావు. విన్నదెవరురా?"

"తప్పయింది తాతా," అన్నాను.

"నాకెందుకు చెప్తావు? నేనేమన్నా నీ దేవుణ్నా? ఆయనకి చెప్పుకో," అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

లోపలికి తిరిగి వెళ్లి, పొద్దు పొడిచేదాకా కూర్చుని, మరో రెండు రకాతులు చేశాను. క్షమాపణ వేడుకుంటుండగానే నాకు అర్థమైంది, నోటులో నేను రాసిన "సిద్ధం" అన్న మాట అబద్ధమని. నా రెండో పెట్టె కూడా అప్పటి నాలాగే ఉంది. కరెంటు ఉంది, నియమాలన్నీ తెలుసు, సరైన చోటే నిలబడింది. మొదటి పెట్టె ఏం మాట్లాడుతోందో మాత్రం వినడం లేదు. పడుకున్న స్టాండ్‌బై ఎంతో, వినని స్టాండ్‌బై అంతే. సర్వశక్తుడు నాకు కావలసిన జవాబును నా తప్పులోనే పెట్టి చూపించాడని ఆనాడూ నమ్మాను, ఈనాడూ నమ్ముతున్నాను.

పది గంటలకు సెక్రటరీ గారి గదికి వెళ్లి నా నోటు వెనక్కి ఇమ్మని అడిగాను. మొదటి నుంచి చివరి వరకు నా ఇరవయ్యేళ్ల సర్వీసులో నేను పంపిన కాగితాన్ని నేనే వెనక్కి తీసుకోవడం అదొక్కసారే. ఆయన కారణం అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. కోటేశ్వరరావు గారు పొద్దున్నే విష్ణు పూజ చేయకుండా మంచినీళ్లు ముట్టని మనిషి. అంతా విని, "అంటే రెండో పూజారి కూడా మొదటాయనతో పాటే మంత్రం లోలోపల చెప్పుకుంటూ ఉండాలంటారు," అన్నారు. అంతేనండి అన్నాను. కార్డులకు అప్పుడే సంతకం పెట్టారు.

కార్డులు చెన్నై నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చాయి. పదిరోజులు పని చేశాం. రెండు పెట్టెల మధ్య స్టేట్ లింకు కేబులు వేశాం. యార్డు ఎలుకలు కొరకకుండా దాన్ని ఇనుప గొట్టంలో నడిపాం. రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి పదిహేను సెకన్లకొకసారి పలకరించుకునేవి. వరుసగా రెండుసార్లు జవాబు రాకపోతేనే అవతలిది పోయినట్టు లెక్క. ఆ వ్యవధిని మూడు సెకన్లకు తగ్గించాను. రెండు పెట్టెలూ హాలు కేబుళ్లన్నిటినీ కలిపే ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించి ఉన్నాయని, ఆ స్విచ్ పోతే రెండూ ఉండి లాభం లేదని అప్పుడే గమనించి రెండో స్విచ్ పెట్టించాను. ఒకే యూపీఎస్ నుంచి రెంటికీ కరెంటు వెళుతోంది, దాన్నీ విడదీశాం. వెంకటేశ్వర్లు వేరే ఫేజు నుంచి కొత్త లైను లాగాడు. ఆ పనిలో అతనికి సాటి లేదు.

పరీక్షల్లో ఒకరోజు, ఒకదాని క్షేమం ఒకటి తెలుసుకునే దారులన్నీ తెంపి చూశాను. రెండు పెట్టెలూ బాగానే ఉన్నాయి, కానీ ఒకదాని మాట ఒకదానికి అందక, అవతలిది చచ్చిందనుకుని రెండూ యాక్టివ్ అయిపోయాయి. హాలులో సగం కంప్యూటర్లు అటూ సగం ఇటూ లాగాయి. వెంకటేశ్వర్లు తెర చూసి, "ఒక ఒరలో రెండు కత్తులండీ," అన్నాడు. నాకు ఒకే మసీదులో ఇద్దరు ఇమాములు తోచారు. పెట్టె పోవడం కన్నా ఇది ప్రమాదమని ఆ రోజు నేర్చుకుని, పలకరింపులకు రెండో దారి కూడా వేశాను.

చివరి ఆదివారం ఇరవై కంప్యూటర్లు తెరిచి, వైరు పీకాను. అంకె ఐదారు సెకన్లు ఆగి, మళ్లీ ఎక్కసాగింది. ఒక్కటీ బయట పడలేదు. ఆపరేటర్లు చప్పట్లు కొట్టారు. అల్హందులిల్లా అనుకున్నాను.

కొత్త నోటు వెళ్లింది. కొనేవాళ్ల సమావేశంలో సెక్రటరీ గారు దాన్ని చదివితే రామలింగయ్య గారు లేచారు. "ఆదివారం ఖాళీ హాల్లో ఎవరైనా చేస్తారండీ. నిజం టెండరు నడిచేటప్పుడు, నాకు నచ్చిన టైములో, నా చేత్తో పీకనివ్వండి. నిలబడితే ఇక ఈ తెర గురించి నోరెత్తను."

సెక్రటరీ గారు నా వైపు చూశారు. పోతే తెర పోతుందని ఇద్దరికీ తెలుసు. రెండు పెట్టెల్లో ఏదో ఒకదానికి వెళ్లే ఏ వైరైనా సరే, ఒక్కటి పీకవచ్చని చెప్పాను. ఒప్పుకున్నారు.

మార్చి మొదటి వారం అది. రెండో కోత సరుకు వస్తోంది. నాగేంద్రమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి ముప్పయి టిక్కీల తేజ రకం, తాలు లేకుండా ఏరించిన కాయ. ఆమె లాటు తెర మీదకు వచ్చింది. అందరికన్నా ముందు ధర వేసింది రామలింగయ్య గారే. ఆ కాయ ఆయనకు కావాలని పొద్దున టిక్కీల దగ్గర ఆయన నిలబడ్డ తీరులోనే తెలిసింది. తక్కువ ధర ఒకటి వేసి, కుర్చీ వెనక్కి తోసి లేచారు. "పదండి మేనేజరు గారూ, ఇప్పుడు చూద్దాం," అన్నారు. ఎలాగూ ఈ లాటు రద్దయి మళ్లీ మొదటికి వస్తుందని ఆయన ధీమా.

కంప్యూటరు గదిలో ఆయన తుమ్ముతూ, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, పై పెట్టె కరెంటు వైరు పట్టుకున్నారు. నేను బిస్మిల్లా అనుకున్నాను. పీకారు. దీపాలు ఆరిపోయాయి, ఫ్యాను చప్పుడు ఆగింది. కింది పెట్టె మీద చిన్న దీపం రంగు మారింది.

"ఇప్పుడు?" అన్నారు.

"ఇప్పుడేం లేదండి. హాల్లోకి వెళ్లి చూసుకోండి."

హాలు నుంచి గోల వస్తుందని ఆయన చెవి ఒగ్గి నిలబడ్డారు. గోల రాలేదు. "వేరే వైరు పీకినట్టున్నాను," అని కింది పెట్టె వైరు వైపు చెయ్యి చాచారు. వెంకటేశ్వర్లు మధ్యకు వచ్చేశాడు. "అయ్యా, ఒప్పుకున్నది ఒక్క వైరండీ. మీ చేతిలో ఉంది గదా అది."

"నువ్వు తప్పుకోవయ్యా, ఇదేదో కనికట్టు."

"కనికట్టు కాదండీ, రెండు పెట్టెలు. నేను కవరు తీసేశా."

ఆ వాదన నడుస్తుండగానే హాలులో హారన్ మోగింది. నాలుగు నిమిషాలు అయిపోయాయి. రామలింగయ్య గారు వైరు చేత్తోనే పట్టుకుని రెండడుగులు వేసి, దాన్ని వదిలేసి హాలులోకి పరుగెత్తారు. తెర మీద నాగేంద్రమ్మ లాటు ముగిసి ఉంది. ఆయన లేచి వచ్చిన తరువాత చెన్నై కొనుగోలుదారుకూ ఒంగోలు కొనుగోలుదారుకూ పోటీ పడి, ఆ రోజు హాలులో పలికిన అన్నిటికన్నా పై ధరకు చెన్నైవాళ్లు తీసుకున్నారు. హాలులో ఎవరికీ ఏమీ తెలియదు. అంకె ఒక్క క్షణం ఆగినట్టు అనిపించిందని ఒక ఆపరేటరు మాత్రం తరువాత చెప్పాడు.

"నేనక్కడ వైరు పట్టుకుని నిలబడితే నా కాయ ఎవడో ఎగరేసుకుపోయాడే!" అని రామలింగయ్య గారు నడి హాలులో తల పట్టుకున్నారు.

బల్ల మీద నుంచి నాగేంద్రమ్మ అంది: "నువ్వు దాన్ని ఆపటానికి పోతివి బాబాయ్. అది నీకోసం ఎందుకాగుద్ది?"

హాలంతా నవ్వింది. ఆయన కాసేపు మొహం గంటు పెట్టుకుని, చివరకు తానూ నవ్వారు. మాట నిలబెట్టుకున్న మనిషి. ఆ తరువాత తెర గురించి ఆయన నోట ఒక్క మాట రాలేదు. పై సీజనులో కొడుకును కూడా ఆ కుర్చీలో కూర్చోబెట్టారు, తాను పక్కన కూర్చుని.

సెక్రటరీ గారు ఆనాటి రిజిస్టరులో ఒక్క వాక్యం రాశారు: "టెండరు సమయంలో ఫైర్‌వాల్ మారినది, రద్దయిన లాట్లు లేవు." దాని కింద నా చేత సంతకం చేయించి, వెంకటేశ్వర్లు చేత కూడా చేయించారు. నేను ఆ కేంద్రంలో ఉన్నన్నాళ్లూ ఫైర్‌వాల్ కారణంగా ఒక్క లాటు రద్దు కాలేదు. ప్లాస్టిక్ కవరును వెంకటేశ్వర్లు తన స్కూటరు సీటుకు వేసుకున్నాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇది. స్టాండ్‌బైని కొనడంతో పని అయిపోదు. కరెంటు ఇవ్వడంతో కూడా అయిపోదు. మొదటిది వినే ప్రతి మాటా రెండోది వింటోందో లేదో చూడాలి. అది నిజంగా వింటోందని తెలియడానికి దాన్ని ముందుకు లాగి చూడటం తప్ప వేరే మార్గం లేదు. నేను ప్రతి శుక్రవారం టెండరు మొదలు కాకముందు రెండు పెట్టెల పాత్రలు మార్పించి, ఆ తరువాతే జుమా నమాజుకు వెళ్లేవాణ్ని. మసీదులో ఇమాము వెనుక నా చోటు మారలేదు. ఆయన చదివే ఆయతు ఏదో తెలియకుండా మాత్రం ఆ తరువాత ఏ రోజూ అక్కడ నిలబడలేదు.

పదవీ విరమణకు ఆరు నెలల ముందు నుంచి నా తరువాత ఆ పనిలోకి రావలసిన అతన్ని ప్రతి టెండరుకూ పక్కన కూర్చోబెట్టుకున్నాను. అతను ఒక్కడే అందుకోగలడో లేదో చూడటానికి కొన్ని రోజులు అతనికి చెప్పకుండా సెలవు పెట్టాను. చివరి రోజున అప్పగింత పత్రం మీద రాయడానికి తాళంచెవి తప్ప ఏమీ మిగలలేదు.